హైస్కూల్లో ఏడిపిస్తుంటే, కులం పేరుతో, రంగు పేరుతో కించపరుస్తుంటే ఏం చేయాలి? ఒక సమగ్ర మార్గదర్శి

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు చదివినా మంచిదే, కానీ నేను మాట్లాడేది నీతోనే.

నల్లగా ఉన్నావని, లావుగా ఉన్నావని, నత్తి ఉందని, శ్రీకాకుళం యాసలో మాట్లాడుతున్నావని, హాస్టల్ నుంచి వస్తావని, ఫలానా కులమని, ఫలానా మతమని, మగపిల్లాడివై ఉండి నడక ‘అదోలా’ ఉందని ఏడిపిస్తారు. ఇవన్నీ వాళ్లు చెప్పే కారణాలు. అసలు సంగతి వేరు. ఒకడికి అందరినీ నవ్వించి పేరు తెచ్చుకోవాలని ఉంటుంది. దానికి ఎవరో ఒకరు దొరకాలి. నువ్వు దొరికావు.

పంచ్ డైలాగ్ కొట్టగానే విలన్ తోక ముడిచి పారిపోవడం సినిమాల్లో బాగుంటుంది. స్కూల్లో మళ్లీ సోమవారం అదే బెంచీ, అదే ముఖాలు. నేను చూసినంతవరకు పనిచేసేవి రెండే: పక్కన నిలబడే మనిషి, చేతిలో ఉన్న కాగితం. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ రెండింటిని సంపాదించుకోవడానికే.

మొదటి మెట్టు: ఇది సరదానా, వేధింపా?

స్నేహితుల మధ్య వెక్కిరింతలు మామూలే. అన్నిటికీ కంప్లైంట్ చేస్తూ పోతే నీకే విసుగొస్తుంది. తేడా తెలుసుకోవడానికి నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్ చెప్పిన కొలత ఇప్పటికీ బాగా పనికొస్తుంది. స్కూళ్లలో వేధింపుల మీద 1970ల నుంచే పరిశోధన చేసిన మనిషి ఆయన. మూడు విషయాలు చూడమన్నాడు. బాధపెట్టాలని కావాలనే చేస్తున్నారా? మళ్లీ మళ్లీ చేస్తున్నారా? తిరిగి జవాబివ్వలేనంతగా వాళ్లది పైచేయిగా ఉందా? పైచేయి అంటే కండబలం ఒక్కటే కాదు. వాళ్లు నలుగురు నువ్వు ఒక్కడివి కావచ్చు, వాళ్ల నాన్న ఊళ్లో పెద్ద మనిషి కావచ్చు, వాళ్ల చేతిలో నీ ఫోటో ఉండొచ్చు.

నేను ఇంకో చిన్న పరీక్ష కూడా పెడతాను. ‘ఆపరా, నాకు నచ్చట్లేదు’ అని సీరియస్‌గా ఒక్కసారి చెప్పి చూడు. స్నేహితుడైతే ఆపేస్తాడు. ఇంకా రెచ్చిపోతే నీకు జవాబు దొరికినట్టే.

ఒక మినహాయింపు ఉంది. కులం పేరుతో తిట్టడం, వైకల్యాన్ని నలుగురిలో ఎగతాళి చేయడం, ఒంటి మీద చెయ్యి వేయడం లాంటివి మళ్లీ జరిగేదాకా ఆగాల్సిన పనిలేదు. ఒక్కసారి జరిగినా చాలు.

రెండో మెట్టు: ఆ క్షణంలో ఏం అనాలి

‘పట్టించుకోకు, వాళ్లే ఊరుకుంటారు’ అని పెద్దవాళ్లు తేలిగ్గా చెప్పేస్తారు. కొత్తగా మొదలైనప్పుడు, ఎవరూ చూడనప్పుడు అది కొంతవరకు నిజమే. ఎదురుగా నవ్వేవాళ్లు ఉంటే మాత్రం నీ మౌనం వాళ్లకు పర్మిషన్‌లా కనిపిస్తుంది. అందుకే ఏదో ఒకటి అనాలి. పొట్టిగా, గొంతు పెంచకుండా, ముఖంలోకి చూసి అనాలి.

‘నా పేరు నీకు తెలుసు. ఆ పేరుతో పిలువు.’

‘ఇందులో నవ్వొచ్చేది ఏముంది?’

‘ఇప్పుడన్నది మళ్లీ అను. సార్ దగ్గర కూడా ఇదే మాట చెబుదువు గాని.’

ఒక్క వాక్యం అని, అక్కడి నుంచి కదిలిపో. వాదనలో దిగావంటే ఆట వాళ్ల చేతుల్లోకి పోతుంది. ఈ వాక్యం అప్పటికప్పుడు నోటికి రాదు, ఇంట్లో పైకి అని చూసుకోవాలి. అద్దం ముందు సిగ్గుగా ఉంటే మేడ మీదకెళ్లి అను. గొంతు వణికినా, కళ్లలో నీళ్లు తిరిగినా ఫర్వాలేదు, మాట బయటికి రావడమే ముఖ్యం.

‘మీరేంట్లు?’ అని కులం ఆరా తీసేవాళ్లకు నవ్వుతూనే ‘మేం టెన్త్ బి సెక్షన్’ అని చెప్పి వదిలెయ్. చెప్పాలనిపిస్తే తలెత్తి చెప్పు, చెప్పాలని లేకపోతే నిన్ను బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. అది నీ ఇష్టం.

రెండు పనులు మాత్రం చేయొద్దు. ముందుగా చెయ్యి చేసుకోవద్దు. ఇందులో నీతిపాఠం ఏమీ లేదు, లెక్క ఇది: నువ్వు కొట్టిన మరుక్షణం నెలల తరబడి వాళ్లు చేసిందంతా మాయమై, ‘ఇద్దరూ కొట్టుకున్నారు సార్’ అన్న ఒక్క ముక్క మిగులుతుంది. మీద పడి కొడుతుంటే విడిపించుకుని, అరుస్తూ మనుషులున్న చోటికి పరిగెత్తు. రెండోది, వాళ్ల కులాన్నో, వాళ్ల నాన్న చేసే పనినో పట్టుకుని తిరిగి తిట్టొద్దు. రేపు నీ కంప్లైంట్ మీద విచారణ జరిగితే ముందుగా బయటికొచ్చేది ఆ మాటే.

మూడో మెట్టు: ఒక నోటుబుక్కు పెట్టు

అందరూ వదిలేసేది ఇదే, అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేదీ ఇదే. హెచ్ఎం గదిలో నిలబెట్టి ‘ఏం జరిగింది?’ అని అడిగితే టెన్షన్‌లో నోట ‘ఎప్పుడూ ఏడిపిస్తారు సార్’ అనే వస్తుంది. ఆ మాట పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు. అదే ఒక పేజీ చదివి వినిపిస్తే గదిలో గాలి మారిపోతుంది.

రాసేటప్పుడు తేదీ, పీరియడ్, చోటు, ఎవరు, సరిగ్గా ఏ మాట అన్నారు, ఎవరు చూశారు, తర్వాత నువ్వు ఏం చేశావు అన్నీ ఉండాలి. ఇలాగన్నమాట: ‘మంగళవారం, మధ్యాహ్న భోజనం లైన్లో. ముందు నిలబడ్డ ముగ్గురూ నా ప్లేటు లాగేసి, “మీవాళ్లు వెనక తినాలి” అన్నారు. పక్క సెక్షన్ అమ్మాయిలు ఇద్దరు చూశారు. వంట చేసే ఆంటీ కూడా విన్నారు. నేను ఆ రోజు తినలేదు.’ బూతు మాటైనా అన్నది అన్నట్టే రాయి. ‘అసభ్యంగా తిట్టాడు’ అని మర్యాదగా రాస్తే తీవ్రత తెలియదు. నీ ఊహలు రాయొద్దు, చూసిందీ విన్నదీ మాత్రమే రాయి.

బుక్కు స్కూల్‌ బ్యాగులో పెట్టకు, ఇంట్లో ఉంచు. హాస్టల్లో ఉంటే నమ్మకమైన టీచర్ దగ్గర పెట్టు, లేదా అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చిన ఆదివారం వాళ్ల చేతికిచ్చి పంపెయ్. చిరిగిన చొక్కా, విరిగిన కళ్లద్దాలు, ఒంటి మీద కమిలిన చోట్లు ఉంటే అదే రోజు ఫోటో తీయించు. జరిగిన చోట సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ భద్రపరచమని ఇంట్లోవాళ్ల చేత వెంటనే రాతపూర్వకంగా అడిగించు. చాలా కెమెరాల్లో పాత రికార్డింగ్ మీద కొత్తది వచ్చి పడుతుంటుంది, ఆలస్యమైతే ఏమీ మిగలదు.

నాలుగో మెట్టు: ఒక్క మనిషిని పక్కన నిలబెట్టుకో

కెనడాలో పరిశోధకులు స్కూలు ఆటస్థలాల్లో జరిగే వేధింపులను వీడియో తీసి చూశారు. 2001లో వచ్చిన ఆ అధ్యయనంలో తేలింది ఏమిటంటే, తోటి పిల్లల్లో ఒక్కరు కల్పించుకున్నా సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. కాకపోతే అలా కల్పించుకునేవాళ్లు బాగా తక్కువ. మిగతావాళ్లంతా చెడ్డవాళ్లని కాదు, తమ మీదకొస్తుందన్న భయం.

కాబట్టి ‘ఎవరైనా సాయం చేస్తారేమో’ అని ఎదురు చూడకు. ఒక మనిషిని ఎంచుకుని, చేయగలిగినంత చిన్న పని అడుగు. ‘నాకు సపోర్ట్ చెయ్యి’ అంటే ఏం చేయాలో వాళ్లకు తోచదు. ‘ఇంటర్వెల్లో ట్యాంకు దగ్గరికి నాతో రా’, ‘వాళ్లు మొదలుపెట్టగానే నన్ను పేరు పెట్టి పిలిచి, మేడమ్ రమ్మంటున్నారని చెప్పు’, ‘నువ్వు చూసింది సార్ అడిగితే చెప్పు చాలు’ అని అడగొచ్చు. క్లాస్ లీడరే కానక్కర్లేదు. ఒక్కోసారి నోరు పెద్దగా విప్పని పిల్లే గట్టి సాక్షి.

2007లో కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో ఒక హైస్కూల్లో కొత్తగా చేరిన తొమ్మిదో తరగతి అబ్బాయి గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చాడని కొందరు ఏడిపించి బెదిరించారు. పన్నెండో తరగతి అబ్బాయిలు ఇద్దరికి ఆ సంగతి తెలిసింది. వాళ్లెవరితోనూ గొడవకు దిగలేదు. బజారుకెళ్లి 50 గులాబీ చొక్కాలు కొని, మర్నాడు స్కూల్లో పంచారు. ఆ ఏడిపించినవాళ్ల నోరు పడిపోయింది. నాకు ఈ కథలో నచ్చేది చొక్కాలు కాదు, ఆ ఇద్దరూ సీనియర్లు కావడం. పైచేయి ఉన్నవాళ్లు వచ్చి కిందివాళ్ల పక్కన నిలబడ్డారు. నువ్వు టెన్త్‌లో ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని ఎవరో సతాయిస్తుంటే, ఆ సీనియర్ నువ్వే.

చూసేవాళ్లకు ఇంకొక్క మాట. ముందుకెళ్లి ఆపే ధైర్యం లేకపోతే నవ్వడం మానెయ్. తర్వాత వెళ్లి ‘వాడు చేసింది తప్పు’ అని ఆ పిల్లవాడితో చెప్పు. అది కూడా సాయమే.

ఐదో మెట్టు: ఇంట్లో చెప్పడం

స్కూల్లో చెప్పడం కంటే ఇది కష్టం. అమ్మాయిలకైతే ‘చదువు మాన్పించేస్తారు’ అన్న భయం. అబ్బాయిలకు ‘మగాడివి కాదూ, తిరిగి కొట్టలేవా’ అంటారన్న సిగ్గు. ఇద్దరికీ కలిపి, నాన్న ఆవేశంగా స్కూలుకొచ్చి గొడవ చేస్తాడేమోనన్న దిగులు. ఈ భయాలు ఊరికే వచ్చినవి కావు. అందుకని ఏం చెప్పాలో, వాళ్ల నుంచి ఏం కావాలో ముందే అనుకుని వెళ్లు.

అన్నం తినేటప్పుడు, టీవీ నడుస్తున్నప్పుడు వద్దు. ఇలా మొదలుపెట్టొచ్చు: ‘అమ్మా, ఒక విషయం చెప్పాలి. పూర్తయ్యేదాకా తిట్టకుండా విను. స్కూల్ మానను. నాకు నువ్వు ఒక లెటర్ రాయడంలో సాయం చేస్తే చాలు.’ నోటుబుక్కు చేతికివ్వు. అమ్మానాన్నల దగ్గర నోరు రాకపోతే పిన్ని, మేనమామ, తాతయ్య, ట్యూషన్ అక్క, ఎవరు వింటారో వాళ్ల దగ్గర మొదలుపెట్టు.

పెద్దవాళ్లకు: ‘నువ్వేం చేశావ్ ముందు?’ అన్న ప్రశ్న మింగేయండి. ఆ పిల్లల ఇంటికి వెళ్లి గొడవపడకండి. మీ పిల్లలకు చెప్పకుండా స్కూలుకు వెళ్లకండి.

ఆరో మెట్టు: స్కూల్లో కాగితం మీద పెట్టు

ముందు క్లాస్ టీచర్‌కు నోటిమాటగా చెప్పొచ్చు. అది ఏ తేదీనో రాసుకో. వారం లోపల మార్పు కనిపించకపోతే, లేదా విషయం మొదటే తీవ్రమైనదైతే, హెచ్ఎంకో ప్రిన్సిపాల్‌కో లెటర్ ఇవ్వాలి. అమ్మో నాన్నో సంతకం పెడితే మంచిది. ఇలా ఉంటే చాలు:

‘ప్రధానోపాధ్యాయుల వారికి, మా అబ్బాయి తొమ్మిదో తరగతి ఎ సెక్షన్‌లో చదువుతున్నాడు. గత నెల నుంచి అదే సెక్షన్‌లోని ముగ్గురు విద్యార్థులు వాడి రంగు, కులం గురించి అందరి ముందు అవమానిస్తున్నారు. తేదీలు, చోట్లు, అన్న మాటలు, చూసినవారి పేర్లు జత చేస్తున్నాం. ఫలానా తేదీన క్లాస్ టీచర్ గారికి చెప్పాం. విచారణ జరిపి, తీసుకున్న చర్యను మాకు రాతపూర్వకంగా తెలపాలని, ఈలోగా సీటు మార్చి, ఇంటర్వెల్ సమయంలో ఒక టీచర్‌ను అక్కడ ఉంచాలని కోరుతున్నాం.’

‘కఠినంగా శిక్షించాలి’ అని రాసే కంటే, ఫలానా పని చేయండి అని అడగడం మేలు. చేశారో లేదో అందరికీ కనిపిస్తుంది. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ, స్కూల్ ముద్ర వేయించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. స్కూల్‌ వాట్సాప్ నంబర్‌కు ఫోటో పెట్టినా అది రికార్డే.

ఇక చాలా స్కూళ్లలో జరిగే తంతు గురించి. ఇద్దరినీ పిలుస్తారు, ‘సారీ చెప్పుకోండి, షేక్ హ్యాండ్ ఇచ్చుకోండి’ అంటారు, క్లాసుకు పంపేస్తారు. గొడవపడ్డ ఇద్దరు స్నేహితులకైతే అది సరిపోతుంది. వేధింపుకు సరిపోదు. పైచేయి ఉన్నవాడు చెయ్యి కలిపి, బయటికొచ్చాక రెట్టింపు చేస్తాడు. రాజీ పెడుతుంటే మర్యాదగా ఇలా అను: ‘సార్, సారీ ఒప్పుకుంటాను. మళ్లీ జరిగితే ఏం చేస్తారో కూడా చెప్పండి. రెండు వారాల తర్వాత మళ్లీ మిమ్మల్ని కలవొచ్చా?’ ఆ రెండు వారాల తర్వాత తప్పకుండా వెళ్లు.

కొన్నిసార్లు చిన్నచూపు పెద్దల దగ్గరే మొదలవుతుంది. స్కాలర్‌షిప్ ఫారాలప్పుడు ‘ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి’ అని క్లాసు మొత్తం ముందు పిలిచే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ సార్‌కు చెడు ఉద్దేశం లేకపోవచ్చు, కానీ ఆ మధ్యాహ్నం నుంచే ఏడిపించడం మొదలవుతుంది. జాబితా స్టాఫ్ రూమ్‌లో ఉంచి ఒక్కొక్కరినీ విడిగా పిలవమని హెచ్ఎంను అడగొచ్చు. పైసా ఖర్చులేని మార్పు. టీచరే కొడుతుంటే, కించపరుస్తుంటే విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపు కూడా అందులో ఉంది.

ఏడో మెట్టు: చట్టం ఎక్కడ నీ వైపు ఉంది

చట్టం పేరెత్తి బెదిరించమని చెప్పడం లేదు. కానీ ‘పిల్లల గొడవే కదా’ అని కొట్టిపారేసేవాళ్ల ముందు సరైన చట్టం పేరు తెలిసి ఉంటే మాట విలువే వేరు.

ఎస్సీ, ఎస్టీలకు చెందినవాళ్లను ఇతరులు నలుగురి ముందు కులం పేరుతో తిట్టినా, కావాలని అవమానించినా 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (అంటే దౌర్జన్యాల) నిరోధక చట్టం వర్తిస్తుంది. ఆ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. దీనికోసమే 14566 అనే ఉచిత నంబర్ ఉంది. ఎదుటివాళ్లు కూడా 18 ఏళ్లలోపు వాళ్లయితే వాళ్ల విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది, జైలుకు పంపరు. ఇది తెలిస్తే ‘వాడి జీవితం నాశనమైపోతుందేమో’ అని వెనక్కి తగ్గేవాళ్లకు కొంత ఊరట.

వైకల్యం ఉన్నవాళ్లను నలుగురిలో కావాలని అవమానించడం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్ కింద నేరం. సీనియర్లు జూనియర్ల చేత బట్టలు ఉతికించడం, అవమానించే పనులు చేయించడం ర్యాగింగ్ కిందికి వస్తాయి. దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది.

తాకకూడని చోట తాకడం, బట్టలు లాగడం, బాత్రూమ్‌లో వీడియో తీయడం లాంటివి అబ్బాయికి జరిగినా అమ్మాయికి జరిగినా పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, 2012 పరిధిలోకి వస్తాయి. తెలిసిన తర్వాత కూడా ఫిర్యాదు చేయకుండా దాచిపెట్టడం హెచ్ఎంకైనా నేరమే. బయటపడతానన్న భయం ఉంటే ఇది తెలుసుకో: నీ పేరు, ఫోటో, స్కూలు వివరాలు మీడియా బయటపెట్టకూడదు. వాంగ్మూలం నీ ఇంట్లోనో, నీకు నచ్చిన చోటో తీసుకోవచ్చు. పోలీసులు యూనిఫామ్‌లో రాకూడదు.

ఎనిమిదో మెట్టు: ఫోన్లో జరుగుతుంటే

క్లాసు వాట్సాప్ గ్రూపులో మీమ్స్, నీ పేరుతో దొంగ ఇన్‌స్టా అకౌంట్, ఇలాంటివి కోపంలో డిలీట్ చేయొద్దు. ముందు స్క్రీన్‌షాట్లు తీయి, అకౌంట్ పేరు, తేదీ కనిపించాలి. ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. గ్రూపులో జవాబివ్వకు. తొలగించని దొంగ అకౌంట్లకు, బెదిరింపులకు సైబర్ క్రైమ్ నంబర్ 1930 ఉంది. నీ నగ్న చిత్రం ఎవరి దగ్గరైనా ఉంటే, 18 ఏళ్లలోపు వాళ్ల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు, నీ ఫోన్లోనే దానికొక కోడ్ తయారై, అందులో చేరిన సైట్లలో అది పైకి రాకుండా ఆపుతుంది. ‘డబ్బివ్వు, ఇంకో ఫోటో పంపు, లేకపోతే అందరికీ పెడతా’ అంటే ఒక్కటి కూడా ఇవ్వకు. ఇచ్చినకొద్దీ అడుగుతారు.

తొమ్మిదో మెట్టు: స్కూలు కదలకపోతే

సంతకం పెట్టించుకున్న కాపీ ఇప్పుడు పనికొస్తుంది. దాన్ని జతచేసి ఎంఈవోకు (మండల విద్యాధికారి), అక్కడా కదలకపోతే డీఈవోకు (జిల్లా విద్యాధికారి) ఇవ్వాలి. ప్రైవేటు స్కూలైనా వీళ్ల పరిధిలోదే. సీబీఎస్ఈ స్కూలైతే బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి కూడా రాయొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతాయి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబర్ వస్తుంది. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పోస్టులో కూడా ఫిర్యాదు పంపొచ్చు.

పెద్దవాళ్లు ఎవరూ తోడు రాకపోతే నువ్వే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఏ ఫోన్ నుంచైనా ఉచితం, రాత్రయినా పగలైనా తీస్తారు. వెంటనే ప్రమాదం ఉంటే 112.

ఈ లోగా నీ మనసు

మెట్టు అని పేరు పెట్టలేదు, ఎందుకంటే ఇది అన్నిటితో పాటు నడవాలి. స్కూలు బయట నిన్ను మామూలు మనిషిలా చూసే చోటు ఒకటి కావాలి. వీధిలో క్రికెట్, డాన్స్ క్లాసు, లైబ్రరీ, అమ్మమ్మగారి ఇల్లు, ఏదైనా సరే. నిద్ర పట్టకపోవడం, ఆదివారం సాయంత్రమే కడుపునొప్పి, చదివింది ఎక్కకపోవడం నెలల తరబడి సాగుతుంటే మానసిక ఆరోగ్యం కోసం ఉన్న టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. ఈ రోజే, ఇప్పుడే, ఇంట్లో ఒకరికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లను పక్కనే కూర్చోమను.

స్కూలు మారాలా?

ఇది ఓడిపోవడమేమీ కాదు, కానీ మొదటి మందు కూడా కాదు. పైన చెప్పినవన్నీ చేశాక కూడా యాజమాన్యం వాళ్ల వైపే ఉంటే మారడమే మంచిది. ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లు చేర్చుకోవడం ఆపకూడదని విద్యా హక్కు చట్టంలో ఉంది. పదో తరగతి వాళ్లు మాత్రం త్వరగా తేల్చుకోవాలి. బోర్డుకు నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లిపోయాక స్కూలు మారడం చాలా కష్టం. అప్పటికి రోజులు మించిపోతే సెక్షన్ మార్చమనో, పరీక్షలదాకా ముందు బెంచీలో వేరే సీటు ఇవ్వమనో రాతపూర్వకంగా అడగండి. టీసీ తీసుకునే రోజు కండక్ట్ కాలమ్‌లో ఏం రాశారో కౌంటర్ దగ్గరే చదువుకుని, తేడాగా ఉంటే అక్కడే సరిచేయించుకోండి.